గడ్డిమేటు లోపలి వేడి

ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు. ఈ ఒక్క ముక్క తొమ్మిదో తరగతి పిల్లలకి ఎక్కించడానికి నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ తంటాలు పడ్డాను. మీలో ఎవరైనా ఈమధ్యే సైన్సు టీచర్లుగా చేరి ఉంటే ఆ తంటా మీకూ మొదలయ్యే ఉంటుంది. అగరువత్తి కొసన నిప్పురవ్వ ఎక్కువ వేడా, బకెట్టెడు గోరువెచ్చటి నీళ్ళు ఎక్కువ వేడా అని అడిగి చూడండి. సగంమంది రవ్వ అంటారు, సగంమంది బకెట్టు అంటారు. ఇద్దరిదీ ఒప్పే, ఇద్దరిదీ తప్పే. నేనెప్పుడూ పాఠం అక్కణ్ణించే మొదలుపెట్టేదాన్ని. ఒక్క యేడాది మాత్రం ఆ పాఠాన్ని పిల్లలు వేరే చోటికి తీసుకుపోయారు. చెప్పాలనుకున్నది ఆ యేడాది సంగతే.

డెబ్భైల చివర్లో మాట. రాజోలు దాటి లోపలికి వెళితే కాలవ గట్టునే ఒక ఊరు, ఆ ఊళ్ళో హైస్కూలు. నాకది రెండో పోస్టింగు. పెళ్ళి కాలేదింకా. హెడ్మాస్టరు గారి ఇంటి పక్క వాటాలో అద్దెకి ఉండేదాన్ని. ఆయన వేదం చదువుకున్న ఇంటి మనిషి. లెక్కలు చెప్పేవారు. గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. చలికాలం వస్తే చెవులకి మఫ్లరు చుట్టుకుని మరీ మెల్లగా మాట్లాడేవారు. స్టాఫ్‌రూములో నా పక్క కుర్చీ తెలుగు మాస్టారిది. ఆయనది ఆ ఊరే. దయ్యాల గురించి అడిగితే నమ్మనని చెప్పేవారు కానీ సంజెవేళ శ్మశానం పక్క దారిలో మాత్రం సైకిలు తొక్కేవారు కాదు.

మా బడికి మంచినీళ్ళు మోసే ముసలావిడ ఒకరుండేవారు. పిల్లలంతా నీళ్ళ మామ్మ అనేవారు. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. కాలవ గట్టు మీద చిన్న తాటాకు గుడిసె. మనిషి సన్నగా, ఎత్తుగా ఉండేది. ఎక్కువ మాట్లాడేది కాదు. బిందె దించి, గ్లాసు ముంచి ఇచ్చి, ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయేది. మొదటి యేడాది ఆవిడ గురించి నాకింతకన్నా తెలియదు.

రెండో యేడాది సరిగ్గా కోతలప్పుడు ముసురు పట్టింది. కోసిన వరి పనలు చేలోనే నానిపోయాయి. వాన కాస్త తెరిపి ఇవ్వగానే జనం ఆదరాబాదరా నూర్చేసి, గడ్డి ఆరిందో లేదో చూసుకోకుండా వాములెత్తినట్టు మేట్లు వేసేశారు. మళ్ళీ వాన వస్తుందన్న భయం అలాంటిది. గాలికి మామ్మ గుడిసె కప్పు సగం లేచిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే అందరి కప్పులూ ఎంతో కొంత లేచిపోయే ఉన్నాయి.

తర్వాత చలి మొదలైంది. పొద్దున్నే కాలవ మీంచి మంచు లేచి బడి ఆవరణంతా కమ్మేసేది. ఎదురొచ్చేవాళ్ళు దగ్గరికొచ్చేదాకా కనపడేవారు కాదు. ఆ రోజుల్లోనే ఊరి చివర ఒక రైతు గడ్డిమేటు కాలిపోయింది. చుట్ట ఎవరో పారేసి ఉంటారన్నారు. వారం తిరక్కుండా ఇంకోటి కాలింది. దాని దరిదాపుల్లో ఇల్లు లేదు, పొయ్యి లేదు, చుట్ట కాల్చేవాడూ లేడు.

నేను ఆ వారమే ఉష్ణం పాఠం ఎత్తుకున్నాను. మూడు గిన్నెల ప్రయోగం చేయించాను. ఒక గిన్నెలో వేణ్ణీళ్ళు, ఒకదాంట్లో చన్నీళ్ళు, మధ్యదాంట్లో గోరువెచ్చటివి. ఒక చెయ్యి వేణ్ణీళ్ళలో, ఒక చెయ్యి చన్నీళ్ళలో కాస్సేపు ఉంచి, రెండూ తీసి మధ్య గిన్నెలో పెడితే ఒక చేతికి చల్లగా, ఇంకో చేతికి వేడిగా తగులుతుంది. పిల్లలు నవ్వారు, మళ్ళీ మళ్ళీ చేశారు. మన చెయ్యి అబద్ధం చెబుతుంది, అందుకే థర్మామీటరు కావలసి వచ్చింది అని చెప్పాను.

వెనక బల్ల మీంచి ఒక అమ్మాయి లేచింది. రెండోసారి కాలిన మేటు వాళ్ళదే.

"టీచర్ గారూ, నీళ్ళ మామ్మ చేతిలో ఉండేది ఉష్ణమాండీ, ఉష్ణోగ్రతాండీ?"

ఎవరైనా నవ్వుతారని చూశాను. గదిలో ఒక్కరూ నవ్వలేదు. అప్పటిదాకా గిన్నెల చుట్టూ తోసుకుంటున్నవాళ్ళు కదలడం మానేశారు.

"ఆవిడ చేతిలో ఏముందమ్మా?"

"కాలుద్దండీ. పొద్దున్నే గ్లాసిచ్చేటప్పుడు చెయ్యి తగిలితే చుర్రుమంటదండీ. మా మేటు కాలిపోయే ముందు పొద్దున్న ఆవిడ దానికి చేరబడి కూర్చుందండీ. మా నాన్నగారు చూసేరు. ముందు కాలినదాని దగ్గర కూడా కూర్చుందటండీ."

అదంతా చలివల్ల, మన చేతులు చల్లబడి ఉండటం వల్ల అనిపిస్తుందని చెప్పి కూర్చోబెట్టాను. మర్నాడు పొద్దున్న మంచులో నడిచి బడికి వచ్చి, కావాలనే మామ్మని నీళ్ళడిగాను. గ్లాసు అందుకునేటప్పుడు వేళ్ళు తగిలాయి. పొయ్యి దగ్గర్నించి లేచి వచ్చినవాళ్ళ చేతిలా ఉంది. ఆవిడ పొయ్యి దగ్గర్నించి రాలేదు. ఆ మంచులో పలచటి నేతచీర కొంగు కప్పుకుని కాలవ దగ్గర్నించి బిందె మోసుకొచ్చింది.

నా చెయ్యి చల్లగా ఉంది కాబట్టే అనుకున్నాను. అనుకున్నాను గానీ గ్లాసు కింద పెట్టేశాను. తాగలేదు.

పిల్లల భయం పోగొట్టాలని ఆ మధ్యాహ్నం ఆవిణ్ణి తరగతికి పిలిచి, హెడ్మాస్టరు గారింట్లోంచి జ్వరం చూసే థర్మామీటరు తెప్పించి, ఆవిడ నోట్లో పెట్టాను. ఎందుకని అడగకుండా నోరు తెరిచింది. తీసి పిల్లలందరికీ తిప్పి చూపించాను. మనకెంత ఉంటుందో ఆవిడకీ అంతే. చేతులు కూడా అప్పుడు మామూలుగానే ఉన్నాయి. ఆవిడ వెళ్ళాక, ఇప్పుడేమంటారని అడిగాను.

ముందు బల్ల మీద కుర్రాడు తల వంచుకుని అన్నాడు. "పాదరసం భయపడిందండీ."

థర్మామీటరు విదిలించి డబ్బాలో పెట్టేశాను.

మూడో మేటు కాలడం నేను కళ్ళారా చూశాను. సాయంత్రం బడి వదిలాక తెలుగు మాస్టారూ నేనూ గట్టు మీద నడిచి వస్తున్నాం. చేల అవతల ఒక మేటు మీంచి తెల్లటి ఆవిరి లేస్తోంది. మంచు అప్పుడే దిగుతోందేమో అనుకున్నాం. చూస్తూ ఉండగానే మేటు నడుము దగ్గర జారి, అలిసిపోయిన మనిషి చతికిలబడ్డట్టు కిందికి కూర్చుంది. మంట లేదు, చప్పుడు లేదు. కూర్చున్నాక అప్పుడు పైనించి ఒక్కసారి ఎర్రగా లేచింది.

జనం అరుస్తూ పరిగెత్తారు. మేమూ వెళ్ళాం. మేము వెళ్ళేసరికే మామ్మ అక్కడ ఉంది. అందరూ మంటకి దూరంగా జరుగుతుంటే ఆవిడ ఒక్కతీ దగ్గరగా నిలబడి రెండు చేతులూ మంట వైపు చాచింది. కళ్ళు మూసుకుంది. ఆ ముఖంలో భయం లేదు, బాధ లేదు. పసిపిల్లకి తలంటు పోశాక ఉండే ముఖం అది. మంట వెలుగు దాని మీద ఆడుతోంది.

జనం మంటలార్పడం మానేసి ఆవిడ వైపే చూశారు. తెలుగు మాస్టారు నా చెవిలో, "పదండి టీచర్ గారూ, ఇక్కడ ఉండకూడదు" అన్నారు. నేనూ ఆగలేదు.

మర్నాడు పొద్దున్న మొదటి పీరియడు అవకముందే ఊళ్ళోవాళ్ళు బడి గేటు దగ్గరికి వచ్చారు. ముందు పంచాయతీ ప్రెసిడెంటు గారు. వెనక మేట్లు పోయినవాళ్ళు. గొడవ చెయ్యలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. చాలా మర్యాదగా మాట్లాడారు.

"ఆవిణ్ణి ఒక్కసారి బయటికి పంపించండి మాస్టారూ. మేం తీసుకెళ్తాం."

"ఎక్కడికండీ?" అన్నారు హెడ్మాస్టరు గారు.

వెనకనించి ఒకతను చెప్పాడు. "ప్రాణం తియ్యమండీ. ముందు పళ్ళు రెండు ఊడగొడితే చాలంటన్నారు. మంత్రం నోట పలకదండి ఇంక."

చేతబడి చేశారని అనుమానం వస్తే పళ్ళూడగొట్టడం గురించి నేను అప్పటిదాకా వినడమే. అది చెప్పినతని చొక్కా జేబులోంచి పటకారు పిడి పైకి కనబడుతోంది.

హెడ్మాస్టరు గారు మఫ్లరు తీసి భుజం మీద వేసుకున్నారు. ఆయన్ని మఫ్లరు లేకుండా ఆ చలికాలంలో నేను చూడటం అదే మొదటిసారి. "బడి గంట కొట్టాక నా ఆవరణలో ఉన్నవాళ్ళు నా పిల్లలండీ. సాయంత్రం గంట కొట్టాక రండి, మాట్లాడుకుందాం" అన్నారు. తర్వాత మామ్మని సైన్సు గదిలోకి పంపించి, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. జనం వెళ్ళిపోలేదు. గేటు అవతల గట్టు మీద వరసగా కూర్చున్నారు.

నేను లోపలికి వెళ్ళాను. మామ్మ బీరువా పక్కన గోడకి ఆనుకుని, మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది. వణుకుతోంది.

"భయపడకండి మామ్మ గారూ" అన్నాను.

"భయం కాదండి. ఈ గోడ సల్లగుందండి."

ఆ మాట ముందు నా బుర్రకెక్కలేదు. పక్కన కూర్చుని అడిగాను. "మేట్ల దగ్గరికి ఎందుకెళ్ళారు?"

"వెచ్చగుంటాయండి."

"అన్నీనా?"

"అన్నీ ఎందుకుంటాయండి? కొన్నేనండి. తెల్లారగట్ల గుడిసెలో ఉండలేక లేసొత్తానండి. చెయ్యెట్టి చూసుకుంటా పోతానండి. ఏది వెచ్చగుంటే దాంట్లో కాస్త గడ్డి లాగి, వీపు ఆనించి కూకుంటాను. మంచినీళ్ళ వేళకి లేసొచ్చేత్తాను. అవి తగలడిపోతంటే నాకేం తెలుసండి?"

ఊరంతా చూసింది నిజమే. మేటు కాలే ముందు ఆవిడ దానికి చేరబడి ఉంది, ప్రతిసారీ. ఊరు తిరగేసి చదివింది, అంతే. ఆవిడ ఆనుకున్నందుకు మేటు వేడెక్కలేదు, మేటు వేడెక్కినందుకు ఆవిడ ఆనుకుంది. పొద్దున్నపూట ఆవిడ అరచేతుల్లో ఉన్న వేడి ఆవిడది కాదు, గడ్డిది. తడి గడ్డిని తొక్కి మేటు వేస్తే లోపల మాగుతుంది. మాగేకొద్దీ వేడి పుడుతుంది. చుట్టూ గడ్డి దుప్పట్లా కప్పి ఉంటుంది కాబట్టి ఆ వేడి బయటికి పోలేదు, లోపలే పోగవుతుంది. కాలేజీలో ఎప్పుడో ఒక పేరా చదివాను. తడి కుప్ప వేడెక్కుతుందని ఈ ఊళ్ళో ప్రతి రైతుకీ తెలుసు, ధాన్యం రంగు మారుతుందని భయపడతారు కూడా. కానీ ఆ వేడి అగ్గిపుల్ల లేకుండా అంటుకునేదాకా పోతుందని వాళ్ళూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

"ఇప్పుడు వెచ్చగా ఉన్నది ఇంకేదైనా ఉందా మామ్మ గారూ?"

ఆవిడ కాస్త సంకోచించింది. "ప్రెసిడెంటు గారి దొడ్లోదండి. దాని దగ్గరికి పోవడం మానేసేనండి."

"ఎందుకని?"

"మరీ వేడిగుందండి. వీపు కాలుతుందండి."

ప్రెసిడెంటు గారి మేటు ఆయన వంటింటి వెనక, పశువుల పాకని ఆనుకుని ఉంది. నేను బీరువాలోంచి ప్రయోగాలకి వాడే పొడుగు థర్మామీటరు తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళాను.

"ఆవిడ తరఫున చెప్పడానికొచ్చేరా టీచరమ్మ గారూ?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"కాదండీ. మీ మేటు గురించి. లోపల అంటుకునేలా ఉందని అనుమానమండీ."

"ఆవిడ చెప్పిందా మీకు?"

అవునని చెబితే ఏమవుతుందో తెలుసు. "నేను చూడాలండీ" అన్నాను.

ఆయన నన్నొకసారి, నా చేతిలో గాజు గొట్టాన్నొకసారి చూసి లేచారు. మిగతావాళ్ళూ లేచారు. గేటు దగ్గర పటకారు మనిషి ఒక్కడూ కూర్చుండిపోయాడు. అప్పుడు తెలుగు మాస్టారు మా వెనకాలే రావడం చూశాను. నిన్న పారిపోదామన్న మనిషి.

దొడ్లోకి అడుగుపెట్టగానే వాసన తగిలింది. ప్రెసిడెంటు గారి భార్య వంటింటి గుమ్మంలో నిలబడి, "రెండ్రోజుల్నించి ఇదే వాసనండీ. ఎవరింట్లోనో అరిసెలకి పాకం పట్టి మాడ్చేసేరనుకున్నాను" అన్నారు. మాడిన బెల్లం వాసన. వాళ్ళ కోళ్ళన్నీ ఆ పట్టపగలు రెక్కలు ముడుచుకుని మేటు చుట్టూ వత్తుకుని కూర్చుని ఉన్నాయి. మేటు నెత్తి మధ్యలో లొత్తపడి కిందికి కుంగింది. లోపలేదో కొంచెం కొంచెంగా తినేస్తున్నట్టు.

పొడుగాటి వెదురు కర్ర కొసన థర్మామీటరు తాడుతో కట్టించాను. మేటు పక్కనించి లోపలికి గుచ్చించాను. అందరూ ఊపిరి బిగపట్టి ఆ కర్ర వైపు చూస్తున్నారు. నీళ్ళు మరిగేంత వేడిదాకా కొలవగలిగిన గొట్టం అది. కాస్సేపటికి లోపల్నించి టిక్కుమని చిన్న చప్పుడు వచ్చింది. గోరు కొరికినంత చప్పుడు. దొడ్లో అందరికీ వినిపించింది.

కర్ర బయటికి తీశారు. గాజు బుడ్డి పగిలిపోయింది, పాదరసం లేదు. వెదురు కొస నల్లగా మాడింది.

"తీసెయ్యండి మేటు" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఆగండి" అన్నాను. "లోపల వేడి ఉంది, గడ్డి ఉంది. గాలి ఒక్కటే లేదు. విప్పితే గాలి తగులుతుంది. ముందు నీళ్ళు పెట్టుకోండి. పశువుల్ని తోలెయ్యండి, వంటింటి కప్పు తడపండి."

నా మాట వింటారనుకోలేదు. పళ్ళూడగొట్టడానికి వచ్చినవాళ్ళే దొడ్డి నించి కాలవదాకా వరస కట్టి బిందెలందుకున్నారు. వరసలో మొదట కాలవలోకి దిగి నిలబడింది తెలుగు మాస్టారు. పంచె తడిసి చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి ఆయనకి.

ఇద్దరు కుర్రాళ్ళు పొడుగు పంగల కర్రలతో మేటు పక్క గడ్డి లాగారు. మొదట పచ్చగా, తర్వాత గోధుమరంగుగా, తర్వాత పొగాకులా వచ్చింది. ఆ వెనక నల్లటి బోలు. అందులో మంట లేదు. చీకటిగా ఉంది. మొహాలకి మాత్రం వేడి ఊపిరి కొట్టింది. ఆ చీకటి ఒకసారి గాలి లోపలికి పీల్చుకున్నట్టయింది, నిజంగా ఆ చప్పుడు విన్నాను. మరుక్షణం బోలంతా ఎర్రబడి నాలుక చాపింది. కుర్రాళ్ళు వెనక్కి పడ్డారు. ఆ తర్వాత నీళ్ళే నీళ్ళు. మేటు సగానికి పైగా పోయింది. పాకా, ఇల్లూ దక్కాయి.

అంతసేపూ మామ్మ సైన్సు గదిలోనే ఉంది. హెడ్మాస్టరు గారు గుమ్మంలోనే ఉన్నారు. దానికి గేటు దగ్గర కూర్చుండిపోయిన పటకారు మనిషే సాక్షి. ప్రెసిడెంటు గారు మసిచేతుల్తో బడికి వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "ఆవిణ్ణి ఇంటికెళ్ళమనండి మాస్టారూ" అన్నారు. అంతే. తప్పయిందనలేదు. ఆ గదిలో కూర్చునే అంటించిందని అన్నవాళ్ళు ఒకరిద్దరు లేకపోలేదు. పాఠం ఎంత బాగా చెప్పినా వెనక బల్లలో ఇద్దరు మిగులుతారు. ఆ వారంలో మిగతా మేట్లన్నీ విప్పి ఆరబెట్టారు. ఇంకేదీ కాలలేదు.

కథ ఇక్కడ ఆగిపోతే చెప్పుకోవడానికి బావుండేది.

ఆ మరుసటి యేడు కూడా కోతలకి కొంచెం వాన పడింది. మేట్లు వేసిన దగ్గర్నించీ జనం మామ్మని పిలవడం మొదలుపెట్టారు. ఒకసారొచ్చి మా మేటుకి చెయ్యెట్టి చూడమని. ఆవిడ చూసి "పర్లేదండి" అంటే ఊపిరి పీల్చుకునేవారు. చేటలో బియ్యం పోసేవారు, తాంబూలం ఇచ్చేవారు. కానీ ఆవిడ వెళ్ళాక గుమ్మంలో నీళ్ళు చల్లుకునేవారు. భయం పోలేదు, ఇంకో చొక్కా తొడుక్కుంది. ఇనప కడ్డీ గుచ్చి చూసుకోండి, చాలు అని నేను ఎంతమందికో చెప్పాను. తలూపి ఆవిడకే కబురు పెట్టేవారు.

హెడ్మాస్టరు గారు ఆవిడ గుడిసెకి కప్పు వేయించారు. నేను రాజోలు సంతలో మంచి మందపాటి దుప్పటి కొనిచ్చాను. అయినా తెల్లవారగట్ల ఆవిడ మేట్ల దగ్గరే కనిపించేది. ఒకరోజు కోప్పడ్డాను.

"దుప్పటి కప్పుకోవచ్చు కదా మామ్మ గారూ."

"కప్పుకున్నానండి. అది నా వేడే నాకిత్తాదండి. ముసల్దాన్ని, నా కాడ ఎంతుంటాదండి?" కాస్త ఆగి, నా వైపు చూడకుండా అంది. "మేటుకి ఆనుకుంటే ఎనకాల ఎవరో ఉన్నట్టుంటాదండి."

ఒక పొద్దున్న హెడ్మాస్టరు గారు నా తలుపు తట్టారు. "ఒకసారి రావాలమ్మా. మీరు చెబితే తప్ప నమ్మరట."

కాలవ దగ్గరి దొడ్లో జనం దూరంగా గుంపు కట్టి ఉన్నారు. మేటుకి గూడులా గడ్డి లాగి, అందులో వీపు ఆనించి మామ్మ కూర్చుని ఉంది. దుప్పటి ఒళ్ళో ఉంది. కళ్ళు సగం మూసి ఉన్నాయి. జుట్టు మీద మంచు బిందువులు నిలిచి ఉన్నాయి. కాంపౌండరు వచ్చి నాడి చూసి, రాత్రే పోయిందని చెప్పి వెళ్ళాడట. ఎవరూ నమ్మలేదు.

"ఒళ్ళు ఎచ్చగుందండి" అన్నాడు దొడ్డి యజమాని. "రాత్రి పోయిన మనిషి తెల్లారేదాకా ఎచ్చగుంటదాండీ? మోసుకెళ్ళి చితి మీద పెట్టేక లేస్తే?"

నేను దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. మంచుముక్క. వేళ్ళు బిగుసుకున్నాయి. చెయ్యి వీపు వెనక్కి పోనిచ్చాను. బతికున్న మనిషి వీపు. నిద్రపోతున్న పసిపిల్ల వీపంత వెచ్చన. ముందు చావు, వెనక ప్రాణం. కారణం నాకు స్పష్టంగా తెలుసు. తెలిసి కూడా ఆవిడ పేరు పెట్టి పిలవబోయాను, అప్పుడు తెలిసింది ఆవిడ పేరు నాకు తెలియదని.

"పోయారండీ. ఇది మేటు వేడి" అన్నాను. ఒక్కరూ ముందుకి రాలేదు.

చివరికి హెడ్మాస్టరు గారు పైపంచె నడుముకి బిగించారు. వాళ్ళ ఇంటి ఆచారాలేమిటో నాకు తెలుసు. ఆయన ఏమీ మాట్లాడకుండా ఆవిడ భుజాల కింద చేతులు వేశారు. కాళ్ళ వైపు తెలుగు మాస్టారు పట్టుకున్నారు. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పైకి లేచింది. దూరంగా చాప మీద పక్కకి పడుకోబెట్టారు. నేను పక్కన కూర్చుని ఆవిడ వీపు మీద చెయ్యి వేసి ఉంచాను. జనం నన్నే చూస్తున్నారు. ఎండ కొబ్బరాకుల మీదికి వచ్చింది. నా అరచేతి కింద వేడి మెల్లమెల్లగా పల్చబడింది. ఎక్కడ ఆగిపోయిందో చెప్పలేను. ఒక్కసారి చూసుకుంటే లేదు. అప్పుడు అందరినీ రమ్మన్నాను. ఒకరి తర్వాత ఒకరు వచ్చి ముట్టుకుని చూసి వెళ్ళారు. ప్రెసిడెంటు గారు కూడా ముట్టుకున్నారు.

దహనం అయ్యాక తెలుగు మాస్టారూ నేనూ గట్టు మీద తిరిగి వస్తున్నాం. సంజె పడుతోంది, మంచు దిగుతోంది.

"టీచర్ గారూ, ఒకటడుగుతాను. ఆవిడ వీపులో ఉన్న వేడి ఎక్కడికి పోయిందంటారు?"

"గాల్లోకి."

"ఈ గాల్లోకేనా?"

"ఆయ్, ఈ గాల్లోకే."

ఆయన పైపంచె కొసతో ముక్కు మూసుకున్నారు. అలా పది కొబ్బరిచెట్లు దాటేదాకా నడిచారు. తర్వాత మెల్లగా తీసేశారు.